నన్నారి కోసం రెండు ఉత్తరాలు

మారతహళ్ళి, బెంగళూరు, ఆదివారం

నాయనా,

బస్సు తెల్లారకముందే వంతెన దగ్గర దింపేసింది. అన్న ఉండే సందంతా మన భాషే: మెస్సు బోర్డు, పీజీ బోర్డు, పచ్చళ్ళ అంగడి. నన్నారి షర్బత్ కూడా పోస్తున్నారు. చక్కెర పాకమూ రంగూ తప్ప వేరు వాసన అంతంత మాత్రమే. నువ్వైతే గ్లాసు అక్కడే పెట్టేసేవాడివి.

నిన్న మల్లేశ్వరం మార్కెట్టుకు పోయినా. మనం నన్నారి కాచే మారేడు కొమ్ములే అక్కడ మాకళి బేరు పేరుతో కుప్పపోసి ఉన్నాయి. ఇక్కడి కన్నడంవాళ్ళు షర్బత్ కాయరు, ముక్కలు కోసి మజ్జిగలో ఊరేస్తారు. మనం తాగినా వీళ్ళు నంజుకున్నా కావాల్సింది ఆ వేరు కదా. ఆకో కాయో అయితే కోసుకున్నా తీగ బతుకుతుంది. దీన్ని మొదలంటా తవ్వితే ఇంకేం మిగులుతుంది?

మారతహళ్ళి, బుధవారం రాత్రి

నాయనా,

కొండమీది తీగలు తవ్వకుండా నన్నారి మొక్కలు చేసే దారి ఉందేమోనని హోసకోటె దారిలో ఒక టిష్యూ కల్చర్ ల్యాబు చూసొచ్చినా. వాళ్ళ వ్యాపారమంతా అరటి. చెప్పులు బయట విడవాలి, తలకు టోపీ, మూతికి గుడ్డ. వడగట్టిన గాలి వీచే బల్లల ముందు ఆడవాళ్ళు వరసగా కూర్చుని చిన్న కత్తితో మొలకలు విడదీసి సీసాల్లో నాటుతున్నారు. ఆ చేతివేగం చూస్తూ కాసేపు వచ్చిన పనే మరిచిపోయినా. సీసాలో మట్టి ఉండదు. అగర్ జెల్లీ, అందులో చక్కెర, లవణాలు, హార్మోన్లు. ఒక హార్మోను పాలు పెంచితే పిలకలు, ఇంకోటి పెంచితే వేర్లు. పొగాకు కణజాలం కోసం మురషిగే, స్కూగ్ 1962లో కట్టిన పాళ్ళే ఇప్పటికీ ఆధారం.

నన్నారి సంగతి అడిగినా. గింజలు సరిగా మొలవవు కాబట్టి మైసూరు ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు కణుపు మొగ్గల నుంచి మొక్కలు తీసి, 2000లోనే ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాశారని అక్కడి మేడం చెప్పింది. నన్నారి వాసన వెనిలాకు దగ్గర చుట్టమట: అణువులో సరుకంతా ఒకటే, అమరికే వేరు.

మరి మనూరికి ఒక్క మొక్కా ఎందుకు రాలేదు? అరటికి రైతు ముందే డబ్బు కడతాడు, ఏడాది తిరిగేసరికి గెల చేతికొస్తుంది. కొమ్ములు ఊరడానికి ఏళ్ళు కావాలి. కొండమీద ఊరికే దొరుకుతుంటే నాటేదెవరు?

సీసాలో పెరిగిన ఆకుకు పైన మైనం పొర సరిగా పట్టదు. ఒక్కసారిగా ఎండకు పెడితే వాడిపోతుంది. పాలిథిన్ కింద తేమలో ఉంచి, కొన్ని వారాలు మెల్లగా బయటిగాలికి అలవాటు చెయ్యాలి. పైగా ఒకే తీగ మొగ్గనుంచి వెయ్యి తీసినా అన్నీ ఆ ఒక్క తీగే, తెగులు పడితే ఏదీ మిగలదు. శేషాచలం, నల్లమల, ఎక్కడి తీగల నుంచి అక్కడి మొగ్గలు తేవాల్సిందే. నాకైతే సీసా మొక్కలు ముందు పొలాల్లోకి పోవాలనిపిస్తుంది. అంగడికి అక్కడి వేరు చాలితే కొండమీదికి గడ్డపార ఎక్కే పని తగ్గుతుంది.

మన మామిడితోట గట్టున కొన్ని నాటుదామా? రాళ్ళనేల, పాకడానికి చెట్లూ ఉన్నాయి. ఫారెస్టు నర్సరీలో మొక్కలు దొరుకుతాయేమో కనుక్కో. శనివారం రాత్రి బస్సెక్కుతా, అమ్మకు చెప్పు.