ఆకు చుట్టే చుట్టం

హొసకోటె అనగానే మీకు తెల్లారకుండానే వరసలో నిలబడి తినే బిర్యానీ ఒక్కటేనా గుర్తొచ్చేది? ఇదిగో, ఒకసారి ఇలా గోడ దగ్గరికి రండి. మా కంబళి చెట్టు చూశారూ, అదేనండీ మల్బరీ, దాని కొసన లేతాకులు కిళ్లీ చుట్టినట్టు ముడుచుకున్నాయే? అయ్యో, తుంచకండి! లోపల ఒకరు కాపురముంటున్నారు.

మెల్లగా విప్పుతాను. చూడండి, ఎంత సన్నటి దారాలో! పురుగు లేతపచ్చన, వేలెడు కూడా లేదు. ముట్టుకున్నామా, జరజరా వెనక్కే పాకుతుంది. అలా మొహం చిట్లిస్తారేం? ఈ ఇల్లు చుట్టింది అదే. చేతుల్లేవు, సూదీ లేదు. ఈ అంచు నుంచి ఆ అంచుకు తలాడిస్తూ దారం సాగదీసి అతికిస్తుంది. సాగిన దారం ముడుచుకుంటూ ఆకుని పిసరంత లాగుతుంది. పోగు మీద పోగు పడేసరికి ఆకే చుట్టుకుపోతుంది. ఇక లోపలే పడక, లోపలే పంక్తి!

తల్లి చిగురు మీద గుడ్డు ఒకటో రెండో పెట్టి పోతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల. నాలుగుసార్లు చర్మం విడిచి, రెండు వారాలైనా తిరక్కుండా చెట్టు దిగుతుంది. రాలినాకుల్లో, మట్టిలో ప్యూపా అయి, వారం పదిరోజులకి రెక్కలతో లేస్తుంది. ముత్యపు తెలుపు మీద గోధుమరంగు పట్టీలు. పుస్తకాల్లో పేరు డయఫానియా పల్వెరులెంటాలిస్. మీరే పలకండి, నేను వింటాను.

శిడ్లఘట్ట, విజయపుర సంతల్లో గుట్టలు పోసే పట్టుగూళ్లు ఉన్నాయి కదా, వాటిని అల్లే పట్టుపురుగుదీ ఈ ఆకే భోజనం. దానికి మనం ఆకు కోసి పెట్టి, గూడు అల్లుకోడానికి చంద్రిక అనే తట్టలో పడకేస్తాం. దీన్నేమో ఎవరూ పిలవరు. వానలు మొదలయ్యాక వస్తుంది, సెప్టెంబరు, అక్టోబరుల్లో మరీనూ. తోటలో రైతుకి బాధే, కాదనను. మందు కొడితే ఆ ఆకు తిన్న పట్టుపురుక్కే ముప్పు. అందుకే చుట్టుకున్న కొసలు తుంచి నాశనం చేస్తారు. ట్రైకోగ్రామా అని మిల్లీమీటరు కూడా లేని కందిరీగల్నీ వదులుతారు. అవి దీని గుడ్డులోనే తమ గుడ్డు పెట్టేస్తాయి. గుడ్డులో గుడ్డు!

మా పెరట్లో ఉన్నది ఒక్క చెట్టే, ఉండనివ్వండి. ఆకు మళ్లీ దగ్గరికి పెట్టేస్తున్నా. పొద్దున పాలకెళ్తూ ఓసారి తొంగి చూడండి, కొత్త కుట్లు పడ్డాయేమో.