దబ్బచెట్టు నరకొద్దు

మా అయిజ చుట్టుపక్కల కొత్త ఇల్లు కడితే ముందు పోయేది పెరట్లోని దబ్బచెట్టే.

దబ్బ నిమ్మ కుటుంబంలోది; ఈ కుటుంబంలో ఒక జాతి మరోదానితో కలిసి కొత్త రకాలు పుడుతుంటాయి. బత్తాయి పంపరపనస, కమలా జాతుల కలయికలో పుట్టింది. బత్తాయి అంటు కట్టే రంగపూర్ నిమ్మ కమలాకీ మాదీఫలానికీ పుట్టిందని 2018లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం తేల్చింది. నల్లమలలోని అడవినిమ్మ కూడా వీటి చుట్టమే. పేరు లేని పెరటి చెట్టులో రేపటి తోటలకు కావలసిన తెగులు తట్టుకునే గుణం ఉండొచ్చు.

మీ ఇంట్లో దబ్బో, నారదబ్బో, గజనిమ్మో ఉంటే ఒక కాయ అడ్డంగా కోసి తొక్క మందం, తొనలు, గింజలు కనిపించేలా ఫొటో పెట్టండి. ఆకునీ మరవకండి. పేరేమిటో మీ అవ్వనడిగి రాయండి.