ఎనిమిది వారాలా? పదమూడు నెలలా?

జర్మనీకి వచ్చాక నాకు అలవాటు పడటానికి టైం పట్టిన విషయం ఒకటుంది. ఇక్కడ చాలా బిల్లులకు డబ్బు మనం పంపక్కర్లేదు, వాళ్లే తీసుకుంటారు. కరెంటు, ఫోను, జిమ్ము... ఒకసారి ఐబాన్ నంబరిచ్చి సంతకం పెడితే నెలనెలా మన అకౌంట్లోంచి వెళ్లిపోతుంది. దీన్ని 'లాస్ట్‌ష్రిఫ్ట్' అంటారు.

మా కాలేజీ జూనియర్ ఒకడు స్టుట్‌గార్ట్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు 992 యూరోలొస్తాయి. అద్దె, తిండి, ఇన్సూరెన్సు అన్నీ అందులోనే. "అన్నా, నేనెప్పుడూ చేరని జిమ్మువాళ్లు ఐదు నెలలుగా 58 యూరోలు తీసేస్తున్నారు" అని ఫోన్ చేశాడు. మొత్తం 290. బ్యాంకుకు వెళితే "ఎనిమిది వారాలు దాటినవి రావు" అన్నారట. "నాన్నకు చెప్పలేనన్నా, పొలం తాకట్టు పెట్టి పంపించారు" అన్నాడు.

నేను కోడ్ రాసుకునేవాణ్ణి, లాయర్ని కాను. కానీ బీజీబీ అనే జర్మన్ సివిల్ కోడ్ నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. ఆ శనివారం ట్రాన్స్‌లేటర్ తెరిచిపెట్టుకుని కూర్చున్నా. కోడ్ 1900 నుంచి అమల్లో ఉన్నా, 675సి నుంచి మొదలయ్యే ఈ పేమెంట్ల సెక్షన్లు 2009లో వచ్చాయి. చదువుతుంటే అచ్చం మన ఇఫ్-ఎల్స్ లాగే ఉంది.

మనం ఒప్పుకున్న లాస్ట్‌ష్రిఫ్ట్ అయితే ఎనిమిది వారాల్లోపు, కారణం చెప్పకుండానే వెనక్కి అడగొచ్చు. అసలు అనుమతే ఇవ్వకపోతే లెక్క వేరు. 676బి ప్రకారం గడువు 13 నెలలు. 675యు ప్రకారం, విషయం తెలిశాక మర్నాటి పనిదినం ముగిసేలోపు బ్యాంకు డబ్బు తిరిగి వేయాలి. అనుమతి ఉందని నిరూపించాల్సింది కూడా బ్యాంకే.

ఇద్దరం కలిసి ఒక పేజీ ఉత్తరం రాశాం. "ఈ అనుమతి నేనివ్వలేదు" అన్నది మొదటి లైను, సెక్షన్ నంబర్లు ఆ తర్వాత. వారంలో 290 యూరోలూ వచ్చేశాయి.

మనమే పంపిన డబ్బుకు మాత్రం ఈ సౌకర్యం లేదు. ఆర్డరు బ్యాంకుకు అందాక మామూలుగా వెనక్కి తీసుకోలేం. ఐబాన్ తప్పు కొడితే రాబట్టడానికి బ్యాంకు సాయం చేస్తుందంతే, నష్టం భరించదు. 2025 అక్టోబర్ 9 నుంచి పేరూ ఐబానూ కలవకపోతే పంపేముందే బ్యాంకు హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరిక చూసి కూడా ఓకే నొక్కకండి.

మీ పిల్లలెవరైనా ఇక్కడ చదువుతుంటే ఈ రెండు గడువులూ చెప్పండి. ఒప్పుకున్నదానికి 8 వారాలు, ఒప్పుకోనిదానికి 13 నెలలు. కౌంటర్లో మొదటిదే చెప్తారు. రెండోది మనమే గుర్తుచేయాలి.