రెండు బల్లల మధ్య

మా నాన్నగారు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ముప్ఫై యేళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశారు. పనల్లా నకలు రాయడమే. ఎవరో పొలం అమ్ముతారు, ఎవరో యిల్లు కొంటారు. ఆ దస్తావేజును అక్షరం పొల్లుపోకుండా ఆఫీసు పుస్తకంలోకి ఎక్కించాలి. ఆయన రిటైరైన రెండేళ్లకు, 1998లో, ఆ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. అందాకా అంతా చేతిరాతే. రాసినాయన రాసి చక్కాపోతే కుదరదు. ఒకరు అసలు దస్తావేజు పైకి చదవాలి, మరొకరు నకలు మీద వేలు పెట్టి సరిచూడాలి, అందరూ సంతకాలు చెయ్యాలి. కొట్టివేతలెన్నో, పంక్తుల మధ్య యిరికించిన మాటలెన్నో లెక్క రాయాలి. "రాసినవాడికి తన తప్పు కనపడదురా! అందుకే రెండోవాడు" అనేవారు. చిన్నతనంలో నేను దాన్ని చాదస్తం కింద జమకట్టాను.

తీరా పెద్దయ్యాక నేను చేరిందీ నకళ్ల పనిలోనే. కాకపోతే యివి కంప్యూటరు నకళ్లు. హైదరాబాదులో ఒక కంపెనీలో ఫైల్ సిస్టమ్ అనేదాన్ని తయారుచేసేవాళ్లలో నేనొకణ్ణి. అదేమిటంటారా? మీరు కంప్యూటరులో దాచుకున్న పెళ్లి ఫోటోలూ, యింటిఖర్చు లెక్కలూ డిస్కు మీద ఒకేచోట బుద్ధిగా కూర్చుని వుండవు. ముక్కలు ముక్కలుగా, ఎక్కడ జాగా దొరికితే అక్కడ పడివుంటాయి. ఏ ముక్క ఎక్కడుందో చిట్టా రాసి, అడిగినప్పుడు వరస తప్పకుండా తెచ్చియిచ్చే గుమాస్తాయే ఫైల్ సిస్టమ్. ఆ గుమాస్తా మంచివాడైతే అతనున్నట్టే ఎవరికీ తెలియదు.

2018 వర్షాకాలంలో మాకొక ఉత్తరం వచ్చింది. విదేశంలో ఒక సంస్థవారు ముసలివాళ్లచేత వాళ్ల జీవితాలు చెప్పించి, ఆ మాటలు రికార్డు చేసి, మా డిస్కుల మీద దాచుకుంటున్నారు. ఒక రికార్డు వింటూంటే పెద్దాయన గొంతు మాట మధ్యలో ఆగిపోయి, నలభై సెకన్లు నిశ్శబ్దంగా వుండి, మళ్లీ మరో మాట మధ్యలోంచి మొదలవుతున్నదట. మొదట మైకు పాడైందనుకున్నారు. తరవాత మరో రికార్డులోనూ అంతే. అప్పుడు మాకు రాశారు.

ఫైలు తెరిచి చూశాం. పొడవు ఒక్క బైటు తేడా లేదు. తేదీ సరిగ్గా వుంది. కాని నడుమ మాటలుండవలసిన చోట సున్నాలు, వరసగా లక్షల సున్నాలు. పేజీల లెక్క సరిపోయిన పుస్తకంలో మధ్య పేజీలు తెల్లకాగితాలైనట్టు. ఆ తెలుపు ఎక్కడ మొదలైనా, ఎక్కడ ముగిసినా సరిగ్గా 4,096 బైట్ల గీత దగ్గరే. అంటే డిస్కు అరిగిపోయి కాదు, పైనుంచి ఎవరో లెక్క ప్రకారం చేసిన పని. ఎవరో ఏమిటి, మా గుమాస్తాయే!

నాకు చెమటలు పట్టాయి. కంప్యూటరు ఆగిపోతే భయం లేదండీ. ఆగిందని తెలుస్తుంది, నలుగురూ పరుగెత్తుకొస్తారు. ఇది ఆగలేదు, అరవలేదు. "కాపీ పూర్తయింది" అని మర్యాదగా చెప్పి తెల్లకాగితం చేతిలో పెట్టింది.

ఆ యేడే మా జట్టులో ఒక వరంగల్ అమ్మాయి కొత్త సదుపాయమొకటి రాసింది. దానివల్ల కాపీలు మునుపటికన్నా ఎన్నోరెట్లు చురుగ్గా జరుగుతున్నాయి. అందరి చూపూ దాని మీదకే పోయింది. కొత్తకోడలు కాపురానికొచ్చిన నెలలోనే గిన్నె పగిలితే ఎవరిననుకుంటారు? మీటింగులో నేనే అన్నాను, "ముందు ఆ కొత్తది తీసేసి చూద్దాం" అని. ఆ అమ్మాయి మెల్లిగా, "తీసి చూశాను సార్, అయినా వస్తోంది" అంది. "మళ్లీ చూడమ్మా" అన్నాను. ఇరవై యేళ్ల అనుభవం కదా నాది! తొమ్మిది రోజులపాటు తప్పు ఆ పిల్లదే అన్నట్టు ఆఫీసంతా నడిచింది. జీతాలు పెంచే నెల కూడా అదే.

ఆమె వాదించలేదు. ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. అది ఒక ఫైలు రాస్తుంది, రాసీ రాయగానే కాపీ తీస్తుంది, రెంటికీ చెక్‌సమ్ కట్టి పోలుస్తుంది. చెక్‌సమ్ అంటే ఫైలులోని అక్షరాలన్నిటినీ ఒక లెక్క ప్రకారం కలియగట్టి తీసిన అంకె. ఒక్క అక్షరం మారినా అంకె మారుతుంది. మా నాన్నగారి ఆఫీసులో పైకి చదివే మనిషి పని అది. మొదటి రాత్రి వేలసార్లు తిరిగినా ఒక్క తేడా రాలేదు. "చూశావా?" అన్నాను. రెండోరాత్రి ఆమె ఆ మెషీనుకు వేరే బరువులన్నీ ఎత్తి, వూపిరాడకుండా చేసి, తన కొత్త సదుపాయం పూర్తిగా తీసేసి నడిపింది. తెల్లవారేసరికి మూడు ఫైళ్లలో సున్నాలు!

ఇప్పుడు అసలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మీరు "సేవ్" అనగానే మీ మాటలు డిస్కు మీదికి పోవు. డిస్కు నెమ్మదైనది కాబట్టి ముందు మెమరీలో వుంచుకుని, తీరిక చూసుకుని డిస్కుకెక్కిస్తారు. ఇంకా ఎక్కించవలసిన ఫైళ్లకు ఒక జాబితా వుంటుంది. ఎక్కించడం మొదలుపెట్టినవాటికి రెండో జాబితా. ఇక ఫైళ్లలో నిజమైన ఖాళీలు కూడా వుంటాయి. ఎవరూ ఏమీ రాయని చోట డిస్కు మీద జాగా వృథా చెయ్యకుండా "ఇక్కడ ఖాళీ" అని చిట్టాలో రాసుకుంటే చాలు, చదివేటప్పుడు సున్నాలిస్తారు. కాపీ చేసే ప్రోగ్రాము తెలివైనదైతే ముందు అడుగుతుంది: "దీంట్లో ఖాళీలెక్కడ?" గుమాస్తా చిట్టా చూసి చెప్పేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఈ ఫైలులో యింకా డిస్కుకెక్కనిది ఏమైనా వుందా?" వుంటే ముందు ఎక్కించి, తరవాత జవాబు చెప్పాలి.

మా కోడులో ఒక ఫైలును మొదటి జాబితాలోంచి కొట్టేసి, తరవాత రెండోదాంట్లో రాసేవారు. ఆ రెంటి నడుమ, రెప్పపాటులో వెయ్యోవంతు కూడా వుండదు, ఆ ఫైలు ఏ జాబితాలోనూ లేదు. దస్తావేజు ఒక బల్ల మీదనుంచి లేచింది, రెండో బల్లకు చేరలేదు. సరిగ్గా అప్పుడొచ్చి అడిగితే యీ బల్లాయన "నా దగ్గర లేదు" అంటాడు, ఆ బల్లాయన "నా దగ్గరకు రాలేదు" అంటాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. గుమాస్తా చిట్టా చూస్తాడు. డిస్కు మీద యింకా ఏమీ లేదు. "ఇక్కడ ఖాళీ" అని చెప్పేస్తాడు. కాపీలో సున్నాలు పడతాయి. అసలు ఫైలు మరుక్షణం నిక్షేపంగా డిస్కుకెక్కుతుంది. నకలు మాత్రం శాశ్వతంగా ఖాళీ.

ఆ తొమ్మిదోరోజు ఉదయం ఆమె నన్ను తన బల్ల దగ్గరకు పిలిచింది. ఆ నాలుగు పంక్తులూ తెర మీద వున్నాయి. మాలో ఒక ఆజ్ఞ వుంది. ఏ పంక్తి ఎవరు, ఏ రోజున రాశారో చూపిస్తుంది. దాని పేరే "బ్లేమ్", అంటే నింద. పెట్టినవాడెవడోగాని గడుసువాడు. ఆమె రాత్రే దాన్ని నడిపివుంటుంది. "నేను టీ తాగి వస్తాను సార్" అని లేచి వెళ్లిపోయింది.

నాలుగు పంక్తుల పక్కనా నా పేరే. 2011 నాటిది.

ఏడేళ్లూ ఎందుకు పడలేదంటే, రాసిన ఫైలును ఆ క్షణంలోనే ఎవరూ కాపీ తియ్యలేదు కనక. అడపాదడపా పడినా ఎవరూ కనిపెట్టలేదేమో. ఆ అమ్మాయి కాపీలను చురుగ్గా చేయడంతో నా తప్పు వీధిన పడింది.

దిద్దుబాటు ఎంతని చెప్పను? ముందు రెండో జాబితాలో రాయి, తరవాత మొదటిదాంట్లో కొట్టెయ్యి. రెండు పంక్తులు పైకీ కిందికీ మార్చడం! నేను అంతటితో సరిపెట్టేవాణ్ణి. ఆమె ఒప్పుకోలేదు. జాబితాలు చూసేవాడూ, మార్చేవాడూ ఒకే తాళం తీసుకుని లోపలికి రావాలని లాక్ కూడా పెట్టించింది. దిద్దుబాటుకు తోడు ఒక చీటీ రాయాలి: ఏమి జరిగింది, ఎందుకు జరిగింది, ఏ పాత మార్పువల్ల జరిగింది. చివరిది ఖాళీగా వదిలి నాకు పంపింది. అర్ధగంట దానికేసి చూస్తూ కూర్చున్నాను. "పాత లోపం" అని రాసి తప్పుకోవచ్చు, ఎవరూ అడగరు. చివరికి నా 2011 మార్పు సంఖ్యా, దాని కింద నా పేరూ రాశాను. మధ్యాహ్నం మీటింగులో అందరి యెదుటా ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. "ఫర్వాలేదు సార్" అంది. ఫర్వాలేదన్నంత మాత్రాన ఆ తొమ్మిది రోజులూ పోతాయా?

బగ్గు పోయింది గాని, పోయినవి రాలేదు. అసలు ఫైళ్లుంటే సరే. మళ్లీ కాపీ తీసుకోవచ్చు. చాలామంది కాపీ అయింది కదా అని అసలును చెరిపేశారు. రోజువారీ బ్యాకప్పులు ఆ సున్నాలనే నమ్మకంగా దాచుకున్నాయి. సున్నాలున్న ఫైళ్లన్నీ వెతికి చూద్దామంటే నిజమైన ఖాళీ ఏదో, దొంగ ఖాళీ ఏదో చూసి చెప్పలేం. ఖాతాదార్లందరికీ ఉత్తరాలు రాయాలన్నప్పుడు పైవారు "అత్యంత అరుదుగా" అనే మాట వెయ్యమన్నారు. అరుదో కాదో మాకు తెలియదు, తెలిసినది రాద్దాం అని నేను పట్టుబట్టాను. ఆ విషయంలో మాత్రం నా ఇరవై యేళ్ల అనుభవం పనికొచ్చింది.

రికార్డుల సంస్థవారికి ఆరు ఫైళ్లు తిరిగి రాలేదు. మొదట విన్న ఆ పెద్దాయన అప్పటికే పోయారు.

నాన్నగారికి అప్పుడు ఎనభై యేళ్లు. తెనాలి వెళ్లినప్పుడు అంతా చెప్పాను. కళ్లజోడు తుడుచుకుంటూ విని, "ఇంతకీ ఆ నలభై సెకన్లలో ఆయన ఏం చెబుతున్నాడు?" అన్నారు. అడిగినామె జ్ఞాపకం ప్రకారం తన పెళ్లి సంగతి చెబుతున్నాడన్నాను. నాన్నగారు మరేమీ అడగలేదు.

2023 నవంబరులో ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ప్రసిద్ధమైన ఫైల్ సిస్టమ్‌లో యిలాంటి గందరగోళమే బయటపడింది. కాపీ తీసిన ఫైళ్ల మధ్య సున్నాలు! 2.2.0లో కొత్తగా పెట్టిన బ్లాక్ క్లోనింగ్ మీద అనుమానపడి, 2.2.1లో దాన్ని ఆపేశారు. అయినా సున్నాలు ఆగలేదు. చూడగా, ఫైలులో యింకా డిస్కుకెక్కనిది వుందా అని చూసే పాత పరీక్షలోనే లొసుగు. 2021లో వచ్చిన కోర్‌యుటిల్స్ 9.0 నుంచి మామూలు కాపీ ఆజ్ఞ కూడా "ఖాళీలెక్కడ?" అని తానై అడగడం మొదలుపెట్టింది, దానితో పాత లొసుగు పైకి తేలింది. నవంబరు 30న 2.2.2, 2.1.14 అనే దిద్దుబాట్లు విడుదల చేశారు. దిద్దుబాటు చూస్తే కొద్ది పంక్తులే.

అది చదివిన రాత్రి ఉండబట్టలేక ఆ అమ్మాయికి ఫోను చేశాను. ఇప్పుడు పుణెలో పెద్ద ఉద్యోగంలో వుంది.

"చదివాను సార్" అంది. కాసేపాగి, "వాళ్లు కూడా మొదట కొత్తదాన్నే అనుమానించారు" అంది.

నేనేమీ అనలేకపోయాను. తనే మళ్లీ అడిగింది: "నేను రాసిన ప్రోగ్రాము యింకా నడుస్తోందా?"

"రోజూ రాత్రి నడుస్తోందమ్మా. పొద్దున్నే నేనే చూస్తాను."