ఆటోనగరు యాత్ర

బందరునుండి బెజవాడకు మేము పలుమాఱులు పోయియుంటిమి. కనకదుర్గమ్మ దర్శనమునకో, పెండ్లికోకలకో పోవుటయే గాని, కారునకు వైద్యము చేయించుటకై పోవుట యిదియే మొదలు.

మా మామగారు 1970లో కొనిన అంబాసిడరు మాయింట నున్నది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డును బట్టి, వంగదేశమందలి ఉత్తరపారాలో 1958 మొదలు 2014 వఱకు ఈ కార్లను చేసిరి. ఆ కాలపువానిలో గేరుకఱ్ఱ స్టీరింగు క్రిందనే యుండును; గేర్లు నాలుగు. మొదటి గేరునకు సింక్రోమెష్, అనగా పళ్లచక్రముల వేగమును సమము చేయు నేర్పాటు, లేదు. బండి నిలువకమునుపే వేసిన గరగరమని మొఱపెట్టును. గత వేసవిలో ఆ గేరు పళ్లు విఱిగినవి. సరియైన చక్రము ఎంత వెదకినను దొరకలేదు. "అమ్మివేయుదమా?" అని మావారనగా అత్తగారు రెండు దినములు సరిగా భుజింపలేదు.

తుదకు అందఱమును ఆ కారులోనే బయలుదేఱితిమి. రెండవ గేరుతోనే బండిని కదలించుకొనుచు పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటి, ప్రొద్దెక్కునప్పటికి ఆటోనగరు చేరితిమి. అచ్చట నొకచోట లారీలకు బాడీలు కట్టుచున్నారు. ఒకచోట లేతుయంత్రములు తిరుగుచున్నవి. చెవులనిండ సుత్తిదెబ్బలు, ముక్కునిండ వెల్డింగు పొగ. సీట్లు కుట్టు అంగడిలో ఇద్దఱు స్త్రీలు మిషనులముందు కూర్చుండుట చూచి మాకు ధైర్యము కలిగినది.

మేస్త్రీ వృద్ధుడు. "మామ్మగారూ, 1992లో జపానువారి ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడరుకు ఐదు గేర్ల పెట్టె ఉన్నది. అటువంటిది మీ బండికి అమర్చగలను. పని మాత్రము చిన్నది కాదు" అనెను.

ప్రాత ఇంజను బోల్టురంధ్రములును క్రొత్తపెట్టె రంధ్రములును కలియవు. నడుమ నొక లోహపు పలకను కొలిచి చేయవలెను. క్లచ్చిపలక నడిమి గాళ్లు క్రొత్త యిరుసునకు సరిపడవలెను. పెట్టెక్రింద క్రొత్త ఆధారము కట్టవలెను. వెనుకచక్రములకు బలము చేర్చు పొడవైన ప్రొపెల్లరు షాఫ్టును తగిన కొలతకు కోయవలెను. వీనికెల్ల అత్తగారు తలయూచిరి. కాని గేరుకఱ్ఱ పైకి వచ్చుటకు కారునేలను గూడ కోయవలెనని వినగానే, "వారు కాలు మోపిన నేల! దానిని కోయనీయను" అనిరి.

మావారు మాటాడలేదు. మేస్త్రీ సుద్దతో అఱచేయి వెడల్పున గీత గీసి, "ఇంతకు మించి కోయను" అనెను. ఆమె వంగి చాలసేపు చూచి, "ఆ ముక్కను నాకిమ్ము" అనిరి.

పదిదినముల తరువాత మరల పోతిమి. మొదటి పరీక్షలో వేగము హెచ్చగానే బండి వణకినది. కోసిన షాఫ్టు బరువు అన్నివైపుల సమముగా లేకుండుటయే కారణమట. దానిని విప్పి, యంత్రముపై త్రిప్పి సరిచేయించుటకు ఇంకొక దినము పట్టినది.

తిరుగుప్రయాణమున రెండుమార్లు మావారి చేయి అలవాటుచొప్పున స్టీరింగు క్రింద తడవులాడినది; అచట కఱ్ఱ లేదు. అత్తగారు నవ్విరి. వేసవి తరువాత ఆమె నవ్వగా వినుట అదియే. ప్రాతపెట్టెలో నాలుగవ గేరున ఇంజను ఒకచుట్టు తిరిగిన షాఫ్టును ఒకచుట్టే తిరుగును. ఈ యైదవ గేరున ఇంజను అంతకంటె తక్కువ తిరిగినను చాలును. అందుచే హోరు తగ్గి, కారులో నొకరిమాట యొకరికి వినబడినది. ఉయ్యూరు దాటువఱకు ఆమె మామగారి ముచ్చటలే చెప్పిరి.

ప్రాత గేరుపెట్టెకు నూనె పట్టించి గోనెలో చుట్టి దాచితిమి; చక్రము దొరకిన నాడు మరల అమర్చవచ్చును. కోసిన ఱేకుముక్క అత్తగారి పెట్టెలో నున్నది. సోదరీమణులారా, మీయింట నిట్టి ప్రాతబండి యున్నచో అమ్ముటకు ముందొకసారి మంచి మేస్త్రీని అడుగుడు. ఏమి కోయవలసివచ్చునో మాత్రము ఇంటి పెద్దలకు ముందే చెప్పుడు.