నెగడు వేడి వేరు, ఒంటి వేడి వేరు



క్రిస్మస్ మొదలుకొని సంక్రాంతి దాకా మన అరకు కొండల్లో వాలీబాల్ కాలం. మంచు విడవకముందే వల కడతారు. మన యవ్వనస్థులు నెగడు చుట్టూ షాలు కప్పుకొని కూర్చుని, పేరు పిలవగానే లేచి నేరుగా స్మాష్‌కి ఎగురుతారు. నెగడు చర్మాన్ని వెచ్చబెడుతుందే గాని కండరం లోపలికి పెద్దగా పోదు. కండరం తన పనితోనే వేడెక్కాలి. అప్పుడే అది చురుగ్గా ముడుచుకొని సాగుతుంది, కీళ్లు సులువుగా కదులుతాయి.

పోయిన ఏడు మన సంఘంలోని ఒక తమ్ముడు మొదటి గేమ్‌లోనే పిక్క పట్టుకొని కూలబడ్డాడు. కండరం చిరిగిందన్నారు. అది కాఫీ పండ్లు కోసే కాలం. మూడు వారాలు కూలి పోయింది. ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే. వార్మప్ చేసుంటే తప్పకుండా తప్పేదని మేము చెప్పలేం. కానీ నార్వేలో 13–17 ఏళ్ల ఆడపిల్లలు 1,892 మందిపై చేసి 2008లో ప్రచురించిన ఫుట్‌బాల్ పరిశోధన ఒకటుంది. పరుగు, బలం, నిలకడ, గెంతులు కలిపి 20 నిమిషాలు క్రమంగా చేసిన జట్లలో గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. తీవ్రమైనవైతే దాదాపు సగం.

"అయ్యగారూ, పొద్దున్నే మూటలు మోసి దిగాం, ఇంకా వార్మప్ ఏంటి?" అని పిల్లలు నవ్వుతారు. మోసినప్పుడు వేడెక్కిన మాట నిజమే. తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుంటే అది చాలావరకు దిగిపోతుంది, అలసట మాత్రం మిగులుతుంది.

మన తల్లులకు ఇది కొత్త కాదు. థింసాలో చేతులు వెనక పెనవేసుకొని మొదట నెమ్మదిగా అడుగులు వేస్తారు, డప్పు పెరిగేకొద్దీ వేగం పెంచుతారు. (గుడి బ్లాగులో థింసా మాటేమిటని పెద్దలు కోప్పడకండి, మేము అడుగుల గురించే చెబుతున్నాం.) శరీర సాధకం వల్ల ప్రయోజనం కొంచెమే అన్నాడు కదా పౌలు అంటారు కొందరు. కొంచెమైనా ప్రయోజనమే కదా!

ఐదు నిమిషాలు మెల్లగా పరుగు, తర్వాత చేతులు తిప్పడం, మోకాళ్లు ఎత్తడం, గుంజీలు, పక్కకు అడుగులు, చివర చిన్న గెంతులు, బంతితో పాస్‌లు. కాలు చాపి నిమిషానికి మించి బిగపట్టే సాగతీతలు ఆట అయ్యాకే. ముందే చేస్తే ఎగిరే బలం కాసేపు తగ్గుతుంది.

ఇంకో సంగతి. మేము ప్రార్థన చేసి ఆట మొదలుపెడతాం. మా ప్రార్థన ఎంతసేపో మీకు తెలుసు, ఆలోగా కాళ్లు మళ్లీ చల్లబడతాయి. అందుకే ఈసారి ప్రార్థన ముందు, పరుగు తర్వాత. ఏడున్నరకల్లా రండి. షాలు చెమట పట్టాకే తీయండి.