పినాంగులో ఒక పూట

మా విహారనౌక పినాంగు రేవులో ఆగింది ఒక్క పూటే. గైడు బస్సు మానేసి, మా ఆవిడా నేనూ కాలినడకన జార్జిటౌను చూడబోయాం. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఇంగ్లీషు జెండా ఎగరేసిన చోట కారన్‌వాలిస్ కోట. అది దాటాక, ఇంచుమించు ఒకే వీధి వెంట 1818 నాటి చర్చి, చీనా కోవెల, మారియమ్మ గుడి, మసీదు!

మసీదు పేరు చదివి నిలబడిపోయాను: 'కపితాన్ కెలింగ్'.

"కెలింగ్ అంటే ఏమిటండీ?"

"మన కళింగమేనోయ్! దక్షిణాది నుంచి వచ్చినవాళ్లకు ఒకప్పుడు ఇక్కడ అదే పేరు. వాళ్ల పెద్ద కపితాన్."

"బాగుందే!"

"ఏం బాగు! కాలక్రమాన అది తిట్టయి కూచుంది. ఇప్పుడలా పిలిస్తే ఇక్కడి మనవాళ్లు నొచ్చుకుంటారు."

నాది శ్రీకాకుళం. ఆ పలక ముందు గర్వపడాలో, బాధపడాలో తేల్చుకోకముందే ఓడకు వేళయింది.